ముంజెలో నిద్ర

భీమిలి దాటాక, ఎర్రమట్టి దిబ్బల అంచున, సముద్రం వైపు ముఖం పెట్టుకుని ఒక పరిశోధనాలయం ఉండేది. చలికాలపు ఉదయాల్లో నీళ్ల మీంచి లేచిన మంచు మెల్లగా గట్టెక్కి దాని కిటికీల దాకా వచ్చి ఆగేది. బయట ఒక లోకం ఉందన్న సంగతి కాసేపటిదాకా లోపలివాళ్లకి గుర్తుండేది కాదు. డాక్టర్ పైడితల్లికి ఆ వేళంటే ఇష్టం. చెప్పులు బయట విడిచి, మోచేతుల దాకా కడుక్కుని, ఒంటి వేడిలో ఉంచిన గాజు అర తలుపు తీసి, లోపలి ముంజెల్ని "లేచారా?" అని పలకరించేది.

ముంజెలన్న పేరు ఆవిడ పెట్టిందే. ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుతో చేసిన చిన్న ముద్దలవి. శనగగింజంత ఉంటాయి. మెత్తగా, నీళ్ల రంగులో, లేత తాటిముంజెల్లాగే ఉంటాయి. ఒక్కొక్కదాని లోపల ఎవరో ఒక రోగి నుంచి తెచ్చిన క్యాన్సర్ కణాలు గుండ్రంగా ముడుచుకుని పెరుగుతుంటాయి.

"పళ్లెంలో పెంచితే కణాలు మేడ మీద ఎండబెట్టిన వడియాల్లా పడి ఉంటాయి," అని కొత్తగా చేరినవాళ్లకి ఆవిడ చెప్పేది. "ఒంట్లో అలా ఉండవు కదా. అక్కడ వాటికి పైనా కిందా, చుట్టూతా ఇరుగుపొరుగు ఉంటుంది. ముందు ఇల్లివ్వండి. అప్పుడు వాటి అసలు బుద్ధి బయటపడుతుంది."

ఆవిడ వెతుకుతున్నది ఆ గుంపులో దాక్కున్న కొద్దిపాటి మూలకణాల కోసం. మందు పడితే మిగతావన్నీ చస్తాయి, ఇవి చావవు. ఊపిరి బిగపట్టి కూర్చుని, మందు వెళ్లిపోయాక తీరిగ్గా లేచి మళ్లీ సంతానం మొదలుపెడతాయి. తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టేది వీటివల్లే. పళ్లెంలో ఇవి కనిపించవు. ముంజెలోనే తమ స్వభావం చూపిస్తాయి.

ఒక వేసవిలో జిగురు పాళ్లు మార్చి మార్చి చూస్తుండగా, ఒకానొక మెత్తదనం దగ్గర ఆ మూలకణాలు నిద్రపోయాయి. చావలేదు, దాక్కోలేదు. పసిపిల్లలు ఒళ్లో నిద్రపోయినట్టు పడుకున్నాయి. విచిత్రం అంతటితో అయిపోలేదు. ఆ ముంజెను నానబెట్టిన నీళ్లు తీసి, అదే మనిషి కణాలున్న మరో ముంజె మీద పోస్తే, అందులోవి కూడా నిద్రలోకి జారుకున్నాయి. వేరే మనిషి కణాల మీద పోస్తే మాత్రం ఏమీ కాలేదు.

పైడితల్లితో కలిసి పనిచేసే రెహానా సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తింది. "జోల పాడుతున్నాయి మేడమ్," అంది. "తమవాళ్లకి మాత్రమే వినపడేలాగ."

*

పైడితల్లి అన్న సన్యాసిరావు ఆర్టీసీలో డ్రైవరు. భీమిలికి విశాఖకి మధ్య సముద్రం పక్కన బస్సు నడుపుతాడు. ఆయనకి కవల ఆడపిల్లలు. వాళ్లు పుట్టిన రోజున ఆసుపత్రి గోడ పక్కన విరజాజి తీగె విరగబూసి ఉందట. ఆ పువ్వు పేరునే రెండుగా చేసి ఒకదానికి విరజ అని, ఒకదానికి జాజి అని పెట్టుకున్నాడు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే కన్నతల్లి కనకరత్నం కూడా ఒక్క క్షణం ఆగి చూడాల్సి వచ్చేది.

పదకొండో ఏట జాజి మోకాలి పైన వాపు కనబడింది. ఎముక క్యాన్సరన్నారు. కోశారు, మందులెక్కించారు. జుట్టంతా ఊడి, మళ్లీ చెవుల దాకా మొలిచేసరికి ఊపిరితిత్తుల్లో చుక్కలు కనిపించాయి. పెద్దాసుపత్రి వాళ్లు సన్యాసిరావుని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా చెప్పారు. ఆయన ఆ నీళ్లు తాగకుండానే లేచి, ఖాకీ చొక్కాతోనే చెల్లెలి పరిశోధనాలయానికి వచ్చాడు.

"నీ కాడ ఏదో ఉన్నాదట కదా పైడీ. నిద్దరోతాయంట కదా."

"అది గాజు బుడ్డిలో అన్నయ్యా. ఎలకలకి కూడా ఇచ్చాం. మనుషులకి ఇంకా ఇవ్వలేదు."

"ఎలకలు బతికినాయా?"

"బతికాయి."

"మరేటి?" అన్నాడు ఆయన. కుర్చీలో కూర్చుని చెల్లెలు ఏదో ఒకటి అనేదాకా గాజు అర వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇక వేరే దారి లేని రోగి కాబట్టి ఇలాంటి ప్రయోగాలకి అనుమతినిచ్చే సంఘం పెద్దలు ఒప్పుకున్నారు. జాజి సొంత కణాలనే, కోసి తీసిన గడ్డలోవి, ఒక ముంజెలో నిద్రపుచ్చి, దాన్ని ఆ పిల్ల మెడ కింద ఎముక పక్కన, చర్మం అడుగున పెట్టారు. అక్కణ్ణుంచి ఆ జోల నెత్తుటిలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. ఊపిరితిత్తుల్లో ఉన్నవైనా, మరే మూల దాక్కున్నవైనా, వినవలసినవి వింటాయి.

విన్నాయి. చుక్కలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వానలు వెళ్లేసరికి జాజి లేచి ఇంట్లో తిరిగింది. ఆ తర్వాత ఇసకలో పరిగెత్తింది. సన్యాసిరావు తన బస్సు ముందద్దానికి వారం పొడుగునా మల్లెపూల దండ కట్టాడు. ఎందుకని అడిగినవాళ్లకి ఏమీ చెప్పకుండా నవ్వాడు.

"ఎలా ఉందమ్మా లోపల?" అని పైడితల్లి ఒకసారి జాజిని అడిగింది.

జాజి కళ్లు మూసుకుని చూసుకుంది. "హాయిగానే ఉంది అత్తా. స్కూలు సెలవిచ్చిన రోజు మధ్యాహ్నం అందరూ పడుకుంటే ఇల్లు ఎలా ఉంటుంది? ఫ్యాను చప్పుడొకటే ఉంటుంది కదా. అలా ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటోంది."

*

ముందు కనిపెట్టింది కనకరత్నం. ఒక ఆదివారం పైడితల్లి వెళ్లేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని పిల్లల గోళ్లు తీస్తోంది. విరజవి తీసి, జాజి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కత్తెర పక్కన పెట్టేసింది.

"పైడమ్మా, ఈ గోళ్లు సూడు. ఈ గుంటకి గోళ్లు తియ్యడం మానీసి ఎన్నాళ్లయినాదో నాకే గురుతు లేదు. తియ్యాల్సిన పని పడ్డం లేదు."

పైడితల్లి ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చల్లగా, నున్నగా ఉంది. గులకరాయి పట్టుకున్నట్టు అనిపించింది. తల నిమిరింది. జుట్టు చెవుల దగ్గరే ఆగి ఉంది. పక్కన విరజ లేచి నిలబడితే ఆ పిల్ల భుజం జాజి చెవి దాకా వస్తోంది. తను వారం వారం చూస్తూనే ఉంది. చూస్తూ ఉండటం వల్లే కనబడలేదు.

ఇచ్చిన ఎలకలన్నీ పెద్దవి. ఎదగవలసినదేదీ వాటిలో లేదు.

మర్నాడు రెహానా, ఆవిడా కలిసి జాజి నెత్తుటి బొట్టుతో పరీక్ష మొదలుపెట్టారు. ఆ పిల్ల ఎముక చివర్లలో ఉండే మంచి మూలకణాల్ని, చర్మంలోవాటిని, జుట్టు కుదుళ్లలోవాటిని వేరువేరు ముంజెల్లో ఉంచి, ఆ నెత్తుటి నీరు పోసి కనిపెట్టుకుని ఉన్నారు. ఒక్కొక్కటే కళ్లు మూసుకున్నాయి. ఊపిరికీ తిండికీ కావలసిన పని జరుగుతోంది. పుండు మానడం కూడా, ఆలస్యంగానైనా, జరుగుతోంది. పిల్ల పెద్దదవడానికి కావలసిన పని మాత్రం ఎక్కడా జరగడం లేదు. చెడ్డ కణాలకని పాడిన జోలని ఒంట్లో ఉన్న తోబుట్టువులన్నీ విని నిద్రపోయాయి.

"అవీ తమవాళ్లే కదా మేడమ్," అంది రెహానా చిన్న గొంతుతో.

పైడితల్లి ఆ సాయంత్రమే వెళ్లి అన్నకీ వదినకీ ఉన్నదున్నట్టు చెప్పింది. కనకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సన్యాసిరావు మాత్రం తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు.

"ఓస్, అంతేనా. నాను మళ్లీ జబ్బొచ్చిందనుకున్నాను. ఎదక్కపోతే ఏటి? ఉన్నాది కదా. నా కళ్ల ముందర తిరుగుతున్నాది కదా."

"ఎన్నాళ్లు అన్నయ్యా?"

"ఎన్నాళ్లయినా," అన్నాడాయన.

*

అలా కాలం గడిచింది. జాజికి అది గడిచినట్టుండేది కాదు. విరజ తొమ్మిదో తరగతికి వచ్చింది. జాజీ వచ్చింది, చదువులో చురుకైంది కాబట్టి. ఆలోచన ఎదగడానికి అడ్డమేమీ లేదు. పద్నాలుగేళ్ల పిల్ల ఆలోచనలు పదకొండేళ్ల ఒంట్లో, ఇరుకు గదిలో సామాను సర్దినట్టు, సర్దుకుని ఉండేవి. ముందు బెంచీలో కూర్చునేది. వెనక పొడుగాటి పిల్లలు గుసగుసలాడుకుని నవ్వుకుంటే తిరిగి చూసేది. ఆ నవ్వులో తనకి పాలు లేదని ఆ పిల్లకి తెలుసు.

విరజ నడుం వంచి నడవడం అలవాటు చేసుకుంది. జాజి పక్కన ఉన్నప్పుడు ఇంకా వంగేది.

ఆ ఏడు మాఘమాసంలో విరజ పెద్దమనిషైంది. చుట్టాలొచ్చారు. ఆకుపచ్చ పట్టులంగా మీద పసుపు ఓణీ వేసి, పూలజడ అల్లి, పీట మీద కూర్చోబెట్టారు. జాజి గౌను వేసుకుని పళ్లెంలో పసుపుకుంకాలు పట్టుకుని ఆడవాళ్ల మధ్య తిరిగింది. విజయనగరం నుంచి వచ్చిన ఒకావిడ ఆ పిల్ల బుగ్గ నిమిరి, "పాపా, నువ్వెవరమ్మాయివే?" అనడిగి, చేతిలో చాక్లెట్టు పెట్టింది.

జాజి "థాంక్యూ ఆంటీ" అని తీసుకుంది. పీట మీద కూర్చున్న విరజ అది చూసింది. ఆడవాళ్లు అక్షింతలు వేస్తుండగానే లేచి, జడ ఊగుతుండగా లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పైడితల్లి తలుపు తట్టితే చాలాసేపటికి తీసింది.

"నాకొక్కదానికే వద్దత్తా," అంది ఏడుస్తూ. "దాన్ని అక్కడ వదిలేసి నేనెక్కడికో వెళ్లిపోతున్నట్టుంది. వెనక్కి తిరిగి చూస్తే అది అక్కడే నిలబడి ఉంటోంది."

ఆ మాట పైడితల్లిని చాలా రోజులు వదల్లేదు.

అదే నెలలో పరిశోధనాలయానికి ఇచ్ఛాపురం నుంచి ఒకామె వచ్చింది. చంకలో నాలుగేళ్ల కూతురు. పిల్ల తల మీద గుడ్డ కట్టి ఉంది. ముంజె సంగతి ఎక్కడో విని వచ్చింది. పైడితల్లి ఆమెని కూర్చోబెట్టి, ఏం జరుగుతుందో ఏం జరగదో ఓపిగ్గా చెప్పింది. పిల్ల నాలుగేళ్ల దగ్గరే ఆగిపోతుందని కూడా చెప్పింది.

"ఆగితే ఆగుద్దమ్మా," అంది ఆమె. "ఎత్తుకునే తిరుగుతాను. నా నడుం పడిపోయేదాకా ఎత్తుకుంటాను."

పైడితల్లి ఆ పిల్ల తల మీద జారిన గుడ్డ సరిచేసింది. ఆ తల్లికి ఇవ్వకుండా ఉండే హక్కు తనకి లేదనిపించింది. లేపడం చేతగాకుండా నిద్రపుచ్చే హక్కూ లేదనిపించింది. మేలుకొలుపు కూడా దొరకాలి. ఆ రోజు నుంచి ఆవిడ మరో పని పెట్టుకోలేదు.

*

ముంజెను కరిగించడం కష్టం కాదు. నిమ్మ ఉప్పు నుంచి చేసిన పలచటి ద్రావకం పోస్తే నాచు జిగురు పట్టు సడలి, ఎండలో పెట్టిన పటికబెల్లంలా అంచుల నుంచి కరిగిపోతుంది. జోల ఆగుతుంది. లోపలివి కళ్లు తెరుస్తాయి. తెరిచాక ఏం చేస్తాయన్నదే ప్రశ్న.

చూడగా చూడగా ఒక సంగతి తేలింది. చాలాకాలం నిద్రపోయి లేచిన చెడ్డ మూలకణాలు కాసేపు మత్తులో ఉంటాయి. ఊపిరి బిగపట్టే పాత విద్య అప్పటికి మరిచిపోయి ఉంటాయి. ఆ మత్తులో ఉండగానే మందు పడితే చస్తాయి. మంచివి కూడా కొన్ని చస్తాయిగానీ మిగిలినవి తేరుకుంటాయి. అన్ని ముంజెల్లోనూ ఇలా జరగలేదు. కొన్నిటిలో ఏదో ఒక కణం మత్తు వదిలించుకుని, మందు చేరేలోపే తప్పించుకుంది.

జాజి వచ్చి అడిగినప్పుడు పైడితల్లి పని అక్కడికి చేరింది. ఆ పిల్ల బడి అయ్యాక తండ్రి బస్సెక్కి, దిబ్బల దగ్గర దిగి, ఒక్కతే మెట్లెక్కి వచ్చింది.

"నా కణాలు నీ దగ్గర ఉన్నాయంట కదా. నాకు చూపించు అత్తా."

స్టూలు మీద ఎక్కి, సూక్ష్మదర్శినికి కళ్లు ఆనించింది. నల్లటి నేపథ్యంలో ఒక గుండ్రటి గుంపు కనబడింది. రంగు వేసిన కణాలు సముద్రం మధ్యలో చేపల పడవల దీపాల్లా, ఆరీ ఆరకుండా మెరుస్తున్నాయి. జాజి చాలాసేపు చూసింది.

"ఇవేనా జబ్బు?"

"ఇవే."

"చెడ్డవాటిలా లేవే."

"పడుకున్నాయి కదమ్మా."

"ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?"

"ముంజె ఉన్నంతకాలం ఉంటాయి. నువ్వూ వాటితో పాటే ఉంటావు."

జాజి కళ్లు తియ్యకుండానే, "లేపు అత్తా, చూస్తాను," అంది.

పైడితల్లి జాజి మంచి కణాలూ చెడ్డవీ కలిపి ఉంచిన రెండు ముంజెల మీద ద్రావకం వేసింది. వాటి అంచులు పొగలా విడిపోయాయి. ఆ తర్వాత జాజి రోజూ సాయంత్రం వచ్చేది. కిటికీలోంచి వాలే ఎండలో అత్తా, మేనకోడలూ వంతులవారీగా చూసేవాళ్లు. ఒక ముంజెలో మందు పడ్డాక చెడ్డవి ఆరిపోయాయి. మిగిలిన మంచివి మెల్లగా కదిలి, ఒకదాన్నొకటి వెతుక్కుని, తెల్లటి సున్నపు పొర కట్టడం మొదలుపెట్టాయి. అది ఎముకే, ఇసకరేణువంత లేత ఎముక. రెండో ముంజెలో ఒకే ఒక్క దీపం ఆరలేదు. అది రెండైంది, నాలుగైంది, పళ్లెం నిండా అయింది.

జాజి రెండూ చూసింది. పైడితల్లి రెండోదాన్ని దాచాలనుకోలేదు.

"ఇందులో ఏది నేను?" అని అడిగింది జాజి.

"తెలీదమ్మా. రెండిట్లో ఏదైనా కావొచ్చు. ముందే చెప్పగలిగితే బాగుండేది."

జాజి స్టూలు దిగింది. గౌను అంచు సరిచేసుకుంది. "చిన్నప్పుడు అయితే నాకు భయమేసేది," అంది. ఆ ఒంటితో ఆ మాట అంటుంటే పైడితల్లి ముఖం పక్కకి తిప్పుకుంది.

*

సన్యాసిరావుకి సెలవు రోజున పైడితల్లి వాళ్లింటికి వెళ్లింది. కనకరత్నం అరుగు మీద నెత్తళ్ల చేపలు బాగుచేస్తోంది. పిల్లలిద్దరూ గుమ్మానికి చెరో వైపున కూర్చున్నారు. లేపడం గురించి జాజే ముందు చెప్పింది. సన్యాసిరావు అంతా విని, లేచి నిలబడ్డాడు.

"ఒద్దు. ఈ మాట మరి నా ఇంట్లో ఎత్తకండి. పైడీ, నువ్వే దాన్ని బతికించినావు. మళ్లీ నువ్వే తీసుకెల్లి అగ్గిలో దింపుతావా?"

"దింపాలని నాకుంటుందా అన్నయ్యా? అదే అడుగుతోంది."

"అది సిన్నపిల్ల."

"కాదు నాన్నా," అంది జాజి. "చూడ్డానికే. నేను చచ్చిపోతానని నీకు భయం. నాకూ భయమే. రాత్రి పడుకుంటే పొద్దున్న లేస్తాను, నిన్న ఎలా ఉన్నానో అలాగే ఉంటాను. నిన్న అయిపోయిందో లేదో నాకు తెలీడం లేదు నాన్నా."

సన్యాసిరావు భార్య వైపు తిరిగాడు. ఈమైనా తన పక్షాన ఉంటుందనుకున్నాడు. కనకరత్నం చేప చేతిలోనే పట్టుకుని, తల ఎత్తకుండా మాట్లాడింది.

"నాను దీనికి రోజూ తల దువ్వుతాను. ఒక్క ఎంటిక పొడుగవ్వదు. గోడకి తగిలించిన పటాన్ని తుడుస్తున్నట్టుంటాది నాకు. పటం కూడా కళ్ల ముందరే ఉంటాదయ్యా, ఎక్కడికీ పోదు. నాను కన్నది పిల్లని." చేతిలో చేప పళ్లెంలో వేసి ఇంకోటి అందుకుంది. "పోతే పోనీ అంటన్లేదు. దానిది దానికి ఇచ్చెయ్ అంటన్నాను."

ఆయన చెప్పులేసుకుని ఇసక వైపు వెళ్లిపోయాడు. విరజ వెనకాలే వెళ్లబోతే పైడితల్లి ఆపింది. దూరంగా నీళ్ల అంచున ఆయన నిలబడి ఉండటం వాళ్లందరికీ కనిపిస్తూనే ఉంది. అలలు వచ్చి కాళ్ల కింద ఇసక లాక్కుపోతున్నా కదలకుండా ఉన్నాడు.

కొన్ని రోజుల తర్వాత పరిశోధనాలయం ముందు ఖాళీ బస్సు ఆగింది. ఇంజను ఆపకుండానే సన్యాసిరావు కిటికీలోంచి చెల్లెల్ని పిలిచాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"పరీక్షలు అయ్యాక."

"అప్పుడు నాను దాని పక్కనే ఉంటాను. బయట కూకోమంటే కూకోను."

"ఉందువు గాని."

ఆయన గేరు మార్చి వెళ్లిపోయాడు.

*

వేసవి మొదట్లో జాజి మెడ కింద సూదితో ద్రావకం ఎక్కించారు. తండ్రి ఆ పిల్ల ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. కుడిచెయ్యి విరజ పట్టుకుంది. పైడితల్లి తన చేత్తోనే సూది వేసింది. చర్మం కింద చిన్న గడ్డలా ఉన్న ముంజె వేలికి తగులుతూ తగులుతూ, కొంతసేపటికి తగలకుండా పోయింది.

జాజి కళ్లు సగం మూసుకుని ఉంది. "అత్తా, అందరూ లేస్తున్నారు," అంది నెమ్మదిగా. "ఎవరో వంటింట్లో గిన్నెలు కదుపుతున్నారు."

ఆ తర్వాతి నెలలు మంచివి కావు. మందు పడిన ప్రతిసారీ వాంతులు, జ్వరం. చెవుల దాకా ఉన్న జుట్టు మళ్లీ ఊడిపోయింది. ఒకసారి నెత్తుటిలో తెల్లకణాలు బొత్తిగా పడిపోయి, గాజు గదిలో ఉంచాల్సొచ్చింది. కనకరత్నం గాజుకి ఇవతల కూర్చుని, లోపలికి వినపడదని తెలిసినా, ఇంటి కబుర్లన్నీ చెప్పేది. సన్యాసిరావు చెల్లెలితో మాట్లాడటం తగ్గించాడు. ఎదురుపడితే తల ఊపి పక్కకి తప్పుకునేవాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. తన చేతిలో ఉన్నదంతా చేసేశాక మిగిలిన భయం ఎంత బరువుంటుందో ఆవిడకి తెలిసింది. పగలు నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఎక్కడికి బయల్దేరిందో గుర్తొచ్చేది కాదు.

వానాకాలం సగంలో తీసిన స్కానులో ఊపిరితిత్తుల్లో చుక్కలు కనబడలేదు. ఒకటి ఉందేమోనన్న అనుమానం మాత్రం మిగిలింది. నీడ కావొచ్చు, మచ్చ కావొచ్చు. దాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. మందులు ఆపేశారు.

ఇచ్ఛాపురం ఆమె కూతురికి, అప్పటిదాకా పాత మందులతోనే నెట్టుకొచ్చి, ఆ శీతాకాలంలో ముంజె పెట్టారు. ఆ పిల్ల ఒళ్లు కాస్త గట్టిపడ్డాక లేపుదామని, లేపితే ఏమేం కావొచ్చో కూడా చెప్పి, తల్లి ఒప్పుకున్నాకే పెట్టారు. జాజి చూసిన రెండు ముంజెల చిత్రాలూ ఆమెకి చూపించారు.

*

ఏడాది తిరిగేసరికి జాజి తల మీద వేలెడు జుట్టు ఒత్తుగా వచ్చింది. అప్పుడే ఒక తెల్లవారుజామున ఆ పిల్ల కాళ్ల నొప్పితో మూలిగింది. మోకాలి కింద రెండు వైపులా ఒకటే సలుపు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. సన్యాసిరావు డ్యూటీకి సెలవు పెట్టి, పిల్లని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. పైడితల్లి ఆసుపత్రి దగ్గర కలుసుకుంది.

స్కాను తీసేంతసేపూ వాళ్లు మొదటి అంతస్తు వసారాలో బల్ల మీద కూర్చున్నారు. కనకరత్నం పెదాలు కదులుతున్నాయి. విరజ గోడకి ఆనుకుని నిలబడింది. సన్యాసిరావు చాలా నెలల తర్వాత చెల్లెలి పక్కన కూర్చుని, ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు.

"ఏదయినా నీ తప్పు కాదు పైడీ," అన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్లి తెర మీద బొమ్మ చూసింది. ఒకసారి చూసి నమ్మకం కుదరక, జాజి పాత బొమ్మలు పక్కన పెట్టించి మళ్లీ చూసింది. ఎముకల చివర్లలో, పాత బొమ్మల్లో సన్నగా, మూసుకుపోయినట్టున్న ఎదుగుదల గీత, ఇప్పుడు వెడల్పుగా, తేటగా తెరుచుకుని ఉంది. గడ్డ లేదు. వాపు లేదు. ఎముక పొడుగవుతోంది. కండలు ఆ వేగం అందుకోలేక లాగుతున్నాయి.

బయటికి వచ్చి, "ఎదుగుతోంది," అంది. "నొప్పి దానిదే. ఎదిగేటప్పుడు వచ్చేదే."

సన్యాసిరావు విన్నాడు. రెండు చేతులతో ముఖం కప్పుకుని బల్ల మీద ముందుకి వంగాడు. కనకరత్నం ఆయన వీపు మీద చెయ్యి వేసి రాస్తూ ఉండిపోయింది.

జాజి గోడ పట్టుకుని నడిచి వచ్చింది. మెట్ల దగ్గర ఆగి కిందికి చూసింది. మోకాళ్లు వంచితే నొప్పి. పక్కనే నిలబడ్డ విరజ వైపు తల ఎత్తి చూసింది. పొడుగాటి పిల్ల, ఓణీ వేసుకున్న పిల్ల, తన ముఖమే ఉన్న మరో పిల్ల. తనూ ఆ ఎత్తుకి వెళ్తుంది. వెళ్లేసరికి విరజ అక్కడ ఉండదు, ఇంకా ముందుకి వెళ్లిపోతుంది. మూడేళ్లు ఎక్కడో నిద్రలో ఉండిపోయాయి. వాటిని ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

పుట్టినప్పటి నుంచి ఇద్దరూ పేర్లతోనే పిలుచుకునేవారు.

"అక్కా," అంది జాజి. "చెయ్యి పట్టుకో. దిగలేకపోతున్నాను."

విరజ ఉలిక్కిపడి చెల్లెలి ముఖంలోకి చూసింది. జాజి వేళాకోళానికి అనలేదు. విరజ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాదనడానికి నోరు తెరిచి, ఆగి, మూసుకుంది. ఎన్నాళ్లుగానో వంచుకుని ఉన్న వీపు నిటారుగా పెట్టి నిలబడింది. తర్వాత ఒక మెట్టు కిందికి దిగి, తిరిగి, రెండు చేతులూ చాచింది.

"మెల్లగా రా," అంది. "నేను ముందుంటాను."